రాచ్చిప్పలో చలికాలం

ఆదివారం భోజనానికి వస్తున్నానని స్నిగ్ధ ఫోన్ చేయగానే నేను చేసిన మొదటి పని బేస్‌మెంట్‌లోకి దిగి రాచ్చిప్ప కోసం వెతకడం. ఇంట్లో వంకాయలు ఉన్నాయో లేవో చూసుకోవలసింది పోయి, పాత సూట్‌కేసుల వెనకా, మా అబ్బాయి చిన్నప్పుడు మంచు మీద జారిన స్లెడ్ కిందా, ఇల్లు మారినప్పటి నుంచీ విప్పని అట్టపెట్టెల్లోనూ చేతులు పెట్టి కెలుకుతూ కూచున్నాను. మావారు మెట్ల మీద నిలబడి, "దాన్నింకా పారెయ్యలేదా? అది సగమేగా" అన్నారు. సగమే. మిగతా సగం ఎయిర్‌పోర్ట్ చెత్తబుట్టలో ఎప్పుడో కలిసిపోయింది. ఉన్న సగం ఒక పాత తువ్వాలులో చుట్టి దొరికింది. రాయిని తొలిచి చేసిన పులుసు గిన్నె అది. ఒకప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటే చింతపండూ ఇంగువా కలిసిన వాసన కొట్టేది. ఇప్పుడు ఎండిన ఇసక వాసన లాంటిదేదో వస్తోంది, అది అందులో పడుకున్న ప్రాణిదో మా బేస్‌మెంట్‌దో చెప్పలేను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు అక్కడే కూలబడ్డాను. పైన కుక్కర్ కూతలు పెడుతుంటే కూడా లేవాలనిపించలేదు.

అప్పట్లో మేము షికాగో దగ్గర అరోరాలో, వరసగా ఒకేలా కట్టిన రెండంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళై ఇంకా రెండేళ్ళు నిండలేదు. వర్క్ పర్మిట్ లేదు, డ్రైవింగ్ రాదు, మావారు పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళిపోతే కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూడటం తప్ప పనిలేదు. పోపు వేసిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగేది, దాని కింద నిలబడి తువ్వాలుతో విసరడం నా దినచర్యలో ఒక భాగం. ఐటీ ఉద్యోగాలు టపటపా రాలిపోతున్న కాలమది. ఉద్యోగం పోతే వీసా కూడా దానితోనే పోయేది, కొన్ని వారాల్లో సర్దుకుని బయలుదేరాలి. అలా వెళ్ళేవాళ్ళు సామానంతా చుట్టుపక్కల తెలుగువాళ్ళకి పంచేసి వెళ్ళేవారు. మా సోఫా ప్రసాద్‌గారిది, టీవీ ఎవరో మూర్తిగారిది, గ్రైండర్ శైలజవాళ్ళది. మనుషులు వెళ్ళిపోయినా పేర్లు మాత్రం వస్తువుల మీద మిగిలిపోయేవి. "ప్రసాద్‌గారి మీద కాఫీ ఒలికింది" అని నేనంటే మావారు నవ్వేవారు కాదు, ఎందుకంటే ఆయన ఆఫీస్‌లోనూ కుర్చీలు ఖాళీ అవుతున్నాయి.

అలా ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో, ఎదురు బ్లాకులో ఉండే విజయవాళ్ళు వెళ్ళిపోయారు. విజయది వరంగల్, నాకంటే కాస్త చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. వాళ్ళ ఏడేళ్ళ పిల్ల స్నిగ్ధ స్కూల్ బస్సు దిగి ముందు మా ఇంటికే వచ్చేది. దానికి జడ వేసి, వేరుశనగపప్పు బెల్లంతో కలిపి పెడితే, తింటూ ఆ రోజు స్కూల్లో జరిగినదంతా ఇంగ్లీషులో చెప్పుకుపోయేది. నా రోజంతటిలో మనిషి గొంతు వినిపించే గంట అదొక్కటే. వాళ్ళు వెళ్ళే ముందు రోజు విజయ మొగుడు ఒక పెద్ద గాజుపెట్టె మోసుకొచ్చి మా హాల్లో పెట్టాడు. అందులో ఇసకరంగు తొండ. ఇక్కడ దాన్ని బేర్డెడ్ డ్రాగన్ అంటారు. గొంతు కింద ముళ్ళ గడ్డం, చదునైన పొట్ట, అన్నీ తెలిసినట్టు ఒక చూపు. మన కంచెల మీద తలాడించే తొండే, కాకపోతే బాగా తిని ఒళ్ళు చేసిన తొండ. స్నిగ్ధ దానికి బిస్కట్ అని పేరు పెట్టుకుంది. నేనేమో గోడ మీద బల్లి కనబడితే కుర్చీ ఎక్కే రకం.

స్నిగ్ధ ఏడవలేదు. గాజు మీద అరచెయ్యి ఆనించి, "ఆంటీ, బిస్కట్‌కి డార్క్ అంటే భయం. లైట్ ఆఫ్ చేసేముందు గుడ్‌నైట్ చెప్పాలి. బిస్కట్ మీ హౌస్‌లో ఉంటుంది, బట్ హి ఈజ్ స్టిల్ మై బిస్కట్, ఓకే?" అంది. ఓకే అన్నాను. ఇంకేమంటాను.

వాళ్ళ విమానం ఎగిరిన కొద్దిరోజులకే మా అత్తయ్య దిగారు. ఎండాకాలం రమ్మంటే ఆవకాయలు పెట్టాలనీ, వానాకాలం రమ్మంటే నోములున్నాయనీ వాయిదా వేసి వేసి, సరిగ్గా చలి మొదలయ్యే వేళకి బాపట్ల నుంచి వచ్చారు. పట్టుచీర కింద మావారి ఉన్ని మేజోళ్ళు, నెత్తిన మంకీ క్యాప్, మెళ్ళో తులసిమాల. ఇంట్లోకి రాగానే ముందు పెట్టె విప్పి చూసుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా పులుసు కాచిన రాచ్చిప్ప, మూడు చీరల మధ్య పెట్టి తెచ్చినా ఎయిర్‌పోర్ట్‌లోనే రెండు ముక్కలై కనబడిందట. పెద్ద ముక్కని పారేయడానికి మనసొప్పక మళ్ళీ చీరల్లోనే పెట్టి తెచ్చారు. దాంతోపాటు ఒక వెండి ఉగ్గుగిన్నె కూడా బయటికి తీసి, నా మొహం వంక చూడకుండా, దేవుడి అల్మరాలో పెట్టారు. ఉగ్గుగిన్నె ఎందుకు తెచ్చారో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

గాజుపెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇంట్లో ఇదేంట్రా" అన్నారు కొడుకుతో. బల్లి మీద పడితే ఏ ఫలమో తొండ ఎక్కితే ఏ ఫలమో పంచాంగంలో ఉంటుంది, ఆవిడకి అది నోటికి వచ్చు. మావారు తెలివిగా, "అది పెట్టెలో ఉందమ్మా. మీద పడాలంటే ముందు బయటికి రావాలిగా" అన్నారు. అత్తయ్య కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. కీచురాళ్ళు తింటుందని తెలిసినప్పుడు మాత్రం రెండు రోజులు హాల్లో కూచోలేదు. ఆ తర్వాత నేను ఆకులు తరిగి పెడుతుంటే దగ్గరికొచ్చి, "ఆకులు కూడా తింటుందా? మరి ఆ పురుగులెందుకు? నేను నెమ్మదిగా మాన్పిస్తాను చూడు" అన్నారు. మర్నాటి నుంచి గుమ్మడికాయ ముక్కలు తురమడం ఆవిడ పని. దేవుడికి నైవేద్యం, ఆ తర్వాత తొండకి తురుము, ఆ తర్వాతే మాకు కాఫీ. ఒంటరిగా ఇంట్లో పడి ఉండే నాకు ఆ చప్పుడు, ఆ తడిచీర వాసన, ఆ తురుము పీట గీరుడు ఎంత బాగుండేవో ఇప్పుడు చెప్పినా ఎవరికీ ఎక్కదు.

మొదటి మంచు పడ్డ రోజుల్లో బిస్కట్ తిండి మానేసింది. ముందు పురుగుల్ని వదిలేసింది, అత్తయ్య సంబరపడ్డారు. ఆ తర్వాత గుమ్మడికాయ కూడా వదిలేసింది. పెట్టెలో వేడి కోసం వేలాడే కరెంటు దీపం కింద బండ మీద కూచోవలసింది, వెళ్ళి మూలన ఇసకలో తల దూర్చి పడుకునేది. కళ్ళు మూతలు పడేవి. ఒళ్ళు రంగు మాసిపోయింది. అప్పట్లో ఇంటర్నెట్ లేదని కాదు, ఉంది, కానీ తొండ తినకపోతే అందులో చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఎందుకంటే జబ్బేమిటో అత్తయ్య చూడగానే చెప్పేశారు. "బెంగ పెట్టుకుంది" అన్నారు. "పిల్ల వదిలేసి వెళ్ళిందిగా. మా ఇంట్లో దూడ కూడా ఇంతే చేసింది." నాకది పూర్తిగా సబబుగా తోచింది. బస్సు వచ్చే వేళకి కిటికీ దగ్గరికి నడవడం నేనూ ఇంకా మానలేదు, నాకూ అన్నం సయించడం లేదు. ఆ పిల్ల మీద నేనే బెంగ పెట్టుకోగా లేనిది తొండ ఎందుకు పెట్టుకోదు?

బెంగకి మనవాళ్ళకి తెలిసిన మందులన్నీ వేశాం. స్నిగ్ధ వదిలి వెళ్ళిన ఎర్ర ఉన్ని చేతితొడుగు ఒకటి పెట్టెలో పెట్టాం. అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యి మీద వేస్తే, ఘాటుకి స్మోక్ అలారం మోగి, పై ఇంటి అమెరికన్ ముసలాయన వచ్చి తలుపు కొట్టాడు. దగ్గుకుంటూ తలుపు తీసి సారీ చెప్పాను, ఎందుకో మాత్రం చెప్పలేకపోయాను. ఆదివారం కాలింగ్ కార్డ్ నంబర్లన్నీ నొక్కి హైదరాబాద్‌లో కాపురం పెట్టిన విజయవాళ్ళకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, ఫోన్‌ని గాజుకి ఆనించి పట్టుకున్నాం. "బిస్కట్, ఇట్స్ మీ. ఈట్ యువర్ ఫుడ్" అంది స్నిగ్ధ అక్కణ్ణుంచి. తొండ ఒక కన్ను తెరిచి మూసింది. అత్తయ్య కళ్ళొత్తుకున్నారు.

ఆ తర్వాత విజయ ఫోన్ తీసుకుంది. "దీనికి ఎట్ల చెప్పాల్నో అర్థమైతలేదక్కా. ఇదే అసలు తింటలేదు. స్కూల్ల ఎవ్వరితోని మాట్లాడదు. టీచర్ రోజు కంప్లెయింట్. టిఫిన్ బాక్స్ నింపి పంపిస్తే నింపినట్టే తెస్తున్నది. ఫోన్‌ల మాత్రం బిస్కట్ తిన్నదా, బిస్కట్ తిన్నదా, గదొక్కటే" అంది. అందరూ విన్నారు. అత్తయ్య ఆ పూట కూర వేసుకోలేదు. పెరుగన్నం కలుపుకుని, "ఇక్కడ ఇది తినదు, అక్కడ అది తినదు" అన్నారు తనలో తాను.

మర్నాడు పొద్దున్నే దేవుడి అల్మరాలోంచి వెండి ఉగ్గుగిన్నె బయటికొచ్చింది. గుమ్మడికాయ ఉడకబెట్టి, మెత్తగా చేసి, వడగట్టి పల్చగా తయారుచేశారు. తొండని తాకడం ఆవిడ వల్ల కాదు కనుక, కళ్ళు మూసుకుని నేను తువ్వాలులో పట్టుకున్నాను. ఆవిడ కాళ్ళు చాపుకు కూచుని, పసిపిల్లకి పోసినట్టే దాని నోటి పక్క నుంచి బొట్టు బొట్టుగా పోశారు. "తాగమ్మా, తాగు. రెండు చుక్కలు. మా నాయనే" అంటూ. సగం కారిపోయింది, కొంత దిగింది. మనవడి కోసం సముద్రాలు దాటొచ్చిన ఉగ్గుగిన్నె అలా మొదట తొండకి పనికొచ్చింది. మావారు ఆఫీస్‌కి వెళ్తూ ఇది చూసి బూట్లు విప్పేసి, ఒక పూట సెలవు పెట్టి, మమ్మల్నీ తొండనీ కారెక్కించి పాముల్నీ తొండల్నీ చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో ఆయన సెలవు పెట్టడం అంటే చిన్న సంగతి కాదు.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, బరువు తూచి, నోరు తెరిచి చూసి, దీనికి జబ్బేమీ లేదంది. చలికాలం వచ్చింది కనుక ఇది నిద్రకి సిద్ధమవుతోంది, ఈ జాతివి ఒక్కోసారి నెలల తరబడి అలాగే పడుకుంటాయి, వదిలేయండి అంది. ఒక్కటే జాగ్రత్త, పడుకునే ముందు దాని కడుపు ఖాళీగా ఉండాలి. ఒళ్ళు చల్లబడితే తిన్నది అరగదు, లోపలే కుళ్ళిపోతుంది, అప్పుడు నిద్రలోనే పోతుంది. నేనది తెలుగులో చెప్తుంటే అత్తయ్య మొహం పాలిపోయింది. "పొద్దున నేను పోశానే" అన్నారు. ఆకలితో ఎవరినీ పడుకోనివ్వకపోవడమే ఆవిడకి తెలిసిన ధర్మం. దారినపోయేవాడు గుమ్మంలో కూలబడితే అన్నం పెట్టాకే పేరడిగే మనిషి. పెట్టడం వల్ల ప్రాణం పోతుందని ఎవరో చెప్పడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

డాక్టరమ్మ చెప్పినట్టే, కడుపు ఖాళీ అయ్యేదాకా దీపం వేసి ఒంటికి వేడి తగలనిచ్చాం. గోరువెచ్చని నీళ్ళలో కూచోబెట్టాం. అన్ని రోజులూ అత్తయ్య పెట్టె ముందు నుంచి కదల్లేదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం, "అమ్మాయీ, వెళ్ళింది" అని వంటింట్లోకి ఒక కేక. పసిపిల్లల ఇంట్లో తప్ప ఇంకెక్కడా అలాంటి వార్తకి అంత సంతోషం ఉండదు. ఆ సాయంత్రం పరమాన్నం వండారు.

ఆ పైన రోజురోజుకీ దీపం వెలిగే సమయం తగ్గించుకుంటూ వచ్చాం. పడుకోవడానికి దానికి చల్లటి చీకటి గూడు కావాలన్నారు. షాపులో ప్లాస్టిక్ గుహలు దొరుకుతాయి, కానీ అత్తయ్య పగిలిన రాచ్చిప్ప తెచ్చి ఇసకలో బోర్లించారు. పగిలిన వైపు సరిగ్గా గుమ్మంలా కుదిరింది. బిస్కట్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి దూరి, తోక కూడా లాక్కుంది. కార్తీకంలో విష్ణుమూర్తి నిద్ర లేచే రోజులవి. "అక్కడ ఆయన లేచాడు, ఇక్కడ ఇది పడుకుంది. డ్యూటీ మార్చుకున్నట్టున్నారు" అన్నారు అత్తయ్య. అప్పటి నుంచి అది ఆవిడ లెక్కలో తిండి మానేసిన తొండ కాదు, చాతుర్మాస్యం పట్టిన ప్రాణి. ఇక ఆ నియమాలు మా మీద పడ్డాయి. కుక్కర్ మూడో కూత కుయ్యకముందే దించెయ్యాలి. వాక్యూమ్ వేస్తే పడగ్గదిలోనే. మావారు ఫోన్ మాట్లాడాలంటే బాత్రూంలోకి వెళ్ళాలి. బిస్కట్‌కి ఇక అక్కర్లేని దీపాన్ని వంటింట్లో వెలిగిస్తే, దాని కిందికి, చలికి ఆకులు రాలుస్తున్న తులసి కుండీ చేరింది. తులసి చిగుళ్ళు వేసింది, అత్తయ్య అది కూడా బిస్కట్ పుణ్యం కిందే వేశారు. వారానికోసారి దాన్ని నెమ్మదిగా తీసి వంటింటి త్రాసులో తూచి, ముక్కు మీద రెండు నీటిచుక్కలు వదిలి, మళ్ళీ పెట్టేసేదాన్ని. పట్టుకోవడానికి నాకిప్పుడు తువ్వాలు అక్కర్లేకపోయింది.

మిగిలింది స్నిగ్ధ. ఆదివారం ఫోన్‌లో బిస్కట్ తిన్నదా అని అడిగితే తినలేదనే చెప్పాలి. నేను తడుముకుంటుంటే అత్తయ్య ఫోన్ తీసుకున్నారు. ఆవిడ ఆ పిల్లని చూసింది కూడా లేదు. "ఏమ్మా, నేను బామ్మని. నీ బిస్కట్టు పడుకుందమ్మా. చలి పోయేదాకా లేవదు. నిద్రలో తినకూడదుట, డాక్టరు చెప్పింది. మరి దాని అన్నం ఎవరు తింటారు చెప్పు?"

"ఐ డోంట్ నో" అంది స్నిగ్ధ.

"నువ్వు తినాలి. నీదెలాగూ నువ్వు తింటావుగా. అదయ్యాక చివర్లో ఒక్క ముద్ద ఉంచుకో. అది దాని వాటా. నీకు ఆకలి లేకపోయినా సరే, అది దానిది కాబట్టి తినాలి. లేవగానే అడుగుతుంది, నా వాటా ఏం చేశారూ అని."

"బట్ బామ్మా, హౌ డు యూ నో, అది లేస్తుంది అని?" అంది. నేను తెలుగులో చెప్పనక్కర్లేకుండానే అత్తయ్యకి అర్థమైంది.

"లేస్తుంది. నేను చెప్తున్నాగా" అన్నారు.

ఫోన్ పెట్టేశాక సోఫాలో, అంటే ప్రసాద్‌గారి మీద, కూలబడి మంకీ క్యాప్ తీసేశారు. "మాటిచ్చేశాను అమ్మాయీ. నేనసలే దాని కడుపులో పోసిన మనిషిని. లేవకపోతే ఆ పిల్లకి ఏ మొహంతో చెప్పను? అది మళ్ళీ అన్నం ముట్టుకుంటుందా?" అన్నారు. ఆ తర్వాత వారం విజయ చెప్పింది, దాని వాటా అనేసరికి ఒక ముద్ద తిన్నది, ఆ ముద్ద కోసం ముందు నాలుగు ముద్దలు తినాల్సొచ్చింది అని. ఆ పై వారం టిఫిన్ బాక్స్ ఖాళీగా వచ్చిందంది. అత్తయ్య వింటూ తల ఊపారే గానీ నవ్వలేదు. రాచ్చిప్ప వైపు చూశారు.

జనవరిలో ఒకరోజు పొద్దున మంచుతుఫానుకి కరెంటు పోయింది. మావారు ఆ మంచులోనే పారతో కారు బయటికి తీసుకుని వెళ్ళిపోయారు. ఇల్లు చల్లబడటం మొదలైంది. మధ్యాహ్నానికి కిటికీ లోపలి వైపు కూడా మంచు పేరుకుంది. ఇంత చలి పనికిరాదని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి రాచ్చిప్ప ఎత్తి చూశాను. బిస్కట్ బూడిదరంగులో ఉంది. ఎత్తితే కాళ్ళు వేలాడాయి. నాకు ఏడుపొచ్చేసింది, "పోయింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ చెయ్యి చాపారు. తొండ నీడ పడ్డా తలస్నానం చేసే మనిషి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని, శాలువా లోపల, చీర కుచ్చిళ్ళ పైన, పొట్టకి ఆనించి పెట్టుకుని మంచం మీద చేరగిలబడ్డారు. నేను ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి ఇద్దరి మీదా కప్పి నేనూ లోపల దూరాను. ఆవిడకి నోటికొచ్చిన స్తోత్రాలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. వంట లేదు, భోజనం లేదు. వెలుతురు తగ్గుతుండగా ఆవిడ స్తోత్రం మధ్యలో ఆపేసి, "గోరు గుచ్చుకుంటోంది" అన్నారు. కాసేపాగి, "ఇదిగో, మళ్ళీ" అన్నారు. అప్పుడు ఏడ్చింది ఆవిడే. కరెంటు వచ్చి హీటర్ గుర్రుమన్నాక కూడా దాన్ని వెంటనే దించలేదు.

అత్తయ్య తిరుగు టికెట్ తేదీ వచ్చేనాటికి మంచు కరగలేదు, బిస్కట్ లేవలేదు. ఎయిర్‌పోర్ట్‌లో కొడుక్కి జాగ్రత్తలు చెప్పడం మర్చిపోయి, "ముక్కు మీద నీళ్ళచుక్క మానొద్దు" అని నాకే చెప్పారు. హైదరాబాద్‌లో దిగి బాపట్ల బస్సెక్కవలసిన మనిషి, ముందు ఆటోలో విజయవాళ్ళింటికి వెళ్ళారట. స్నిగ్ధని ఎదురుగా కూచోబెట్టుకుని, పప్పూ నెయ్యీ కలిపి చేత్తో పెట్టి, చివరి ముద్ద పక్కన ఉంచి, అది కూడా తినిపించాకే లేచారట.

తొండ లేచింది పార్కింగ్ లాట్‌లో మంచు గుట్టలు మురికిగా కరుగుతున్న రోజుల్లో. నేను కాఫీ కప్పుతో హాల్లోకి వచ్చేసరికి రాచ్చిప్ప గుమ్మంలోంచి తల బయటపెట్టి, గడ్డం నేలకానించి, నన్ను చూస్తోంది. నిద్రపోయే ముందున్న చూపే, అన్నీ తెలిసినట్టు. నీళ్ళు పెడితే ఆగకుండా తాగింది. గుమ్మడికాయ తురుము పెడితే తురుముతో పాటు నా వేలు కూడా పట్టుకుంది. అక్కడ పొద్దుటి వేళయ్యేదాకా ఆగి హైదరాబాద్ ఫోన్ చేశాను. "స్నిగ్ధా, బిస్కట్ లేచింది" అన్నాను.

"నిజంగా? ఓకే ఆంటీ. మంచిగుంది" అంది. తెలుగులో, అచ్చం వరంగల్ యాసలో. "నాకు బస్ వచ్చింది. మా ఫ్రెండ్ వెయిట్ చేస్తున్నది. బాయ్." టక్కున పెట్టేసింది.

చిన్నబుచ్చుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. చలికాలమంతా ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాం కదా. అత్తయ్యకి ఫోన్ చేసి చెబితే ఆవిడ మాత్రం, "పిల్లకి ఫ్రెండు దొరికిందా? పోనీలే. మరి ఇది సరిగ్గా తింటోందా?" అన్నారు. నేను కూడా ఆ వసంతంలోనే డ్రైవింగ్ నేర్చుకున్నాను. కిటికీ దగ్గర నిలబడటం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఉగ్గుగిన్నె మరుసటి ఏడాదికి దాని అసలు పనికే వచ్చింది. బిస్కట్ మాతో చాలా చలికాలాలు నిద్రపోయింది, ప్రతిసారీ ఆ రాచ్చిప్పలోనే. ఒక ఏడాది లేవలేదు. అప్పటికి అత్తయ్య కూడా లేరు.

ఇప్పుడైతే ఇదంతా జరగదు. తొండ తినకపోతే నిమిషంలో ఫోన్ చూసి కారణం చెప్పేస్తారు. ఇంటి వేడి ఆఫీసులోంచే సరిచూసుకోవచ్చు. పిల్ల అక్కణ్ణుంచి రోజూ వీడియోలో దాన్ని చూసుకోవచ్చు. మా అబ్బాయి చదువుకునే ఊరినుంచి ఏం తిన్నాడో ఫోటో పంపిస్తాడు, నేను ఒక బొటనవేలు బొమ్మ పెడతాను. అంతా సులువైంది, నేనేమీ కాదనను. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం మళ్ళీ రమ్మన్నా రానివ్వను. కానీ తెలియకపోవడం వల్ల ముగ్గురం ఒక ప్రాణి చుట్టూ చేరి అంత మెల్లగా, అంత గుసగుసగా బతికిన చలికాలం నాకు మళ్ళీ రాలేదు.

ఆదివారం స్నిగ్ధ వచ్చింది. షికాగోలో కొత్త ఉద్యోగమట. షామ్‌బర్గ్ దగ్గర ఇల్లు చూసుకున్నారట. పెళ్ళై ఏడాది, మొగుడికి పనుండి రాలేదు. నాకంటే పొడుగైంది. జడ లేదు. వంకాయ కూర, ముక్కల పులుసు, మాగాయ వడ్డించి, ఉండబట్టలేక భోజనం మధ్యలోనే రాచ్చిప్ప తెచ్చి బల్ల మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటాంటీ, యాంటిక్కా?" అంది. బిస్కట్ గుర్తుందా అని అడిగాను.

"అమ్మ చెప్తుంటది. ఫోటో కూడా ఉంది, నేనూ అదీ. నిజం చెప్పాలంటే నాకేం గుర్తులేదు ఆంటీ. అప్పుడు మరీ చిన్నగున్న కదా. సారీ."

సారీ దేనికి, అన్నాను. ఏడేళ్ళ పిల్ల ఎంతని గుర్తుపెట్టుకుంటుంది. రాచ్చిప్పని పక్కకి జరిపి పెరుగు వడ్డించాను. వాళ్ళ మేనేజర్ గురించీ, ఇక్కడి చలి గురించీ చెబుతూ పెరుగన్నం తింటోంది. కంచం ఖాళీ అవుతుండగా వేళ్ళతో ఒక్క ముద్ద అంచుకి జరిపి ఉంచింది. నీళ్ళు తాగింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఫుల్ అయిపోయాను ఆంటీ, అంది. అయినా ఆ ముద్ద తీసి నోట్లో పెట్టుకోబోయింది.

"వద్దంటే వదిలేయమ్మా, బలవంతంగా దేనికి" అన్నాను.

"కాదాంటీ, ఇది దాని వాటా" అని నవ్వింది. "మా ఇంట్ల చివరి ముద్దని అట్లే అంటం. ఆకలి లేకున్నా తినాలె. చిన్నప్పటి నుంచి అలవాటు, ఇప్పుడు మా ఆయన కూడా అంటున్నడు. దేని వాటానో ఎప్పుడూ అడగలేదు."

ఆ ముద్ద మింగేదాకా ఆగి, "బిస్కట్‌ది" అన్నాను.